క్లైపెడా రేవు, లంక గ్రామాల అరటి గెల



2022 ఫిబ్రవరి 1 నుంచి లిథువేనియా రైళ్లు బెలారస్ పొటాష్ ఎరువును తమ క్లైపెడా రేవుకు మోయడం మానేశాయి. బెలారస్‌కు సముద్రం లేదు. అప్పటిదాకా ప్రపంచ మార్కెట్లోకి వచ్చే పొటాష్‌లో దాదాపు అయిదో వంతు ఆ దేశానిదే, ఓడెక్కేది ఎక్కువగా ఆ రేవులోనే. అంతకు ముందు ఏడాది మే నెలలో ఒక ప్రయాణికుల విమానాన్ని బెలారస్ రాజధాని మిన్‌స్క్‌లో బలవంతంగా దింపి, అందులోని ప్రతిపక్ష పాత్రికేయుణ్ణి పట్టుకుపోయాక అధ్యక్షుడు లుకషెంకో ప్రభుత్వం మీద అమెరికా, ఐరోపా ఆంక్షలు బిగిశాయి. తప్పు చిన్నదేమీ కాదు. దెబ్బ ఎవరికి తగిలిందన్నదే ఈ ఉపన్యాసానికి విషయం.

భారత్ వాడే పొటాష్ దాదాపు అంతా దిగుమతే. 2022 ఫిబ్రవరి నెలాఖరునే ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. రష్యా ఎరువుల వ్యాపారాన్ని ఆంక్షల్లోంచి చాలావరకు మినహాయించారు, కాగితం మీద. కానీ డబ్బు పంపాల్సిన బ్యాంకూ ఓడకు బీమా రాయాల్సిన కంపెనీ మినహాయింపులు చదువుతూ కూర్చోవు. ఎందుకొచ్చిన గొడవని పక్కకు తప్పుకుంటాయి. ఆంక్షల్లో సగం బలం ఈ భయానిదే.

గోదావరి లంకల్లో అరటి గెల తూగాలంటే పొటాష్ పడాల్సిందే. 2021 మొదట్లో వెయ్యి రూపాయల లోపే దొరికిన 50 కిలోల బస్తా మరుసటి ఏడు 1,700 దాకా వెళ్లింది. కోవిడ్ తర్వాత ఎరువులన్నీ పెరిగాయి కాబట్టి పాపమంతా ఆంక్షలదే అనడం అన్యాయం. అయినా ఎరువుల కొట్టు ముందు నిలబడి, రెండు బస్తాలు కొనాల్సినచోట ఒకదానితో సరిపెట్టుకున్న కౌలు రైతుకు మిన్‌స్క్ ఎక్కడుందో తెలియదు. లుకషెంకో మాత్రం 2025 జనవరి ఎన్నికల తర్వాత కూడా గద్దె మీదే ఉన్నారు.

ఇది కొత్త కథ కాదు. 1806 నవంబరులో నెపోలియన్ బెర్లిన్ ఫర్మానాతో బ్రిటిష్ సరుకుకు ఐరోపా రేవులు మూయించాడు. బ్రిటన్ దిగిరాలేదు, కరీబియన్ చెరకు చక్కెర కరువై పారిస్ కాఫీ చేదెక్కింది. బీట్ దుంపలో చక్కెర ఉందని ప్రష్యా రసాయనవేత్త మార్‌గ్రాఫ్ 1747లోనే చూపించాడు. అప్పట్లో పట్టించుకున్నవారు తక్కువ. 1811లో 32,000 హెక్టార్లలో ఆ దుంప వేయాలని చక్రవర్తి ఆజ్ఞ అయింది. మరుసటి జనవరిలో డెలెసెర్ అనే పారిశ్రామికవేత్త పాసీలో తెల్ల చక్కెర తీసి చూపితే, నెపోలియన్ తన ఛాతీ మీది పతకాన్నే ఊడదీసి అతనికి తగిలించాడని చెబుతారు.

నెపోలియన్ పోయాడు, దుంప మిగిలింది. ఆ శతాబ్దం చివరికి ప్రపంచ చక్కెరలో సగానికి పైగా దుంపదే. రాయితీలతో చౌకబడిన జర్మనీ, ఆస్ట్రియా చక్కెర మన బజార్లలో వచ్చి పడుతుంటే, 1899లో కర్జన్ ప్రభుత్వం దాని మీద ప్రత్యేక సుంకం వేయాల్సి వచ్చింది. ఆ సుంకంతో ఊపిరి పీల్చుకున్నవాటిలో మారిషస్ తోటలూ ఉన్నాయి; అక్కడ చెరకు నరికే కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. బెర్లిన్‌లో సంతకం పెట్టినవాడు ఇంత దూరం ఊహించి ఉంటాడా?

ఇక మన తీరంలోనే జరిగింది. రష్యా నుంచి క్రయోజెనిక్ ఇంజిన్ల పరిజ్ఞానం కొనబోయినందుకు 1992లో అమెరికా ఇస్రో మీద రెండేళ్ల ఆంక్ష పెట్టింది. క్షిపణుల భయమట. అతిశీతల ఇంధనాన్ని గంటల తరబడి నింపాల్సిన ఇంజిన్‌తో యుద్ధం చేసేవారెవరో మరి! రష్యా వెనక్కి తగ్గి, పరిజ్ఞానం మానేసి ఏడు ఇంజిన్లు అమ్మింది. ఇస్రో సొంతంగా తయారీకి దిగింది. 2010 ఏప్రిల్‌లో మొదటి ప్రయోగం సముద్రంలో కూలింది. 2014 జనవరి 5న శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్‌వీ-డీ5 గెలిచింది. 2025 జులై 30న అదే రకం ఇంజిన్‌తో, అదే శ్రీహరికోట నుంచి కక్ష్యకు చేరిన నైసార్ ఉపగ్రహంలో అమెరికా సంస్థ నాసాకూ వాటా ఉంది.