పుదీనా పెంపకము



అంగడినుండి తెచ్చిన పుదీనా కట్టను ముందుంచుకొని, ఆకులను తుంచి పచ్చడికో పలావునకో వినియోగించి, మిగిలిన కాడలను చెత్తలో పారవేయుట మన గృహములలో నిత్యము జరుగు పని. అట్లు పారవేయబడు కాడయే రేపటి మొక్క యని గృహిణులకును, మిద్దెపై నాలుగు కుండీలుంచుకొను ఉత్సాహవంతులకును మనవి చేయుటయే ఈ ప్రసంగోద్దేశము.

పుదీనా తులసి కుటుంబమునకు చెందినది. కాడను వ్రేళ్ళనడుమ త్రిప్పి చూచినచో నలుపలకలుగా నుండుటయు, ఆకులు ప్రతి కణుపునను ఎదురెదురుగా జంటలై మొలచుటయు ఆ బంధుత్వమునకు సాక్ష్యములు. కణుపే దీనికి ప్రాణస్థానము. తేమ సోకినంతనే అచ్చట వేరు పుట్టును. కావున విత్తనములకై వెదుకనక్కరలేదు. విత్తనమునుండి పుట్టిన మొక్క తల్లిమొక్క పరిమళమును నిలుపుకొనునను భరోసాయు లేదు. 1696లో ఇంగ్లండు దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ రే వర్ణించిన పెప్పర్‌మింట్ రెండు పుదీనా జాతుల సంకరము. దానికి మొలకెత్తగల విత్తనములు దాదాపు లేనేలేవు. అయినను కాడ ముక్కల మూలముననే అది ఖండాంతరములకు వ్యాపించినది!

కట్టలో మిక్కిలి ముదురును మిక్కిలి లేతయు గాని కాడను నాలుగైదంగుళముల మేర కత్తిరించి, క్రింది ఆకులను తీసివేసి, రెండు కణుపులు మునుగునట్లు గాజుగ్లాసులోని నీటియందుంచి, దినము విడిచి దినము నీరు మార్చుచుండినచో, వారము పది దినములలో తెల్లని వేళ్ళు కానవచ్చును. అప్పుడు తోటమట్టియు, బాగుగా చివికిన పశువుల యెరువును, కొంచెము ఇసుకయు కలిపి నింపిన కుండీలో నాటవలయును. కుండీకి లోతుకంటె వెడల్పు ముఖ్యము. ఏలయన ఈ మొక్క నేలబారున తీగెలు సాచి, కణుపు కణుపున వేరూనుచు, ప్రక్కకు ప్రాకును. పెరటిమడిలో స్వేచ్ఛగా విడిచినచో కొలదికాలములోనే ఇరుగుపొరుగు మొక్కల చోటును ఆక్రమించును గనుక, కుండీలో పెంచుటయే మేలని నా దృఢమైన అభిప్రాయము.

ఉదయపుటెండ దీనికి హితము. మన ప్రాంతములందలి వైశాఖమాసపు మధ్యాహ్నపుటెండకు మాత్రము తాళలేదు. ఆ దినములలో నీడకు చేర్పవలయును. పైమట్టి ఆరినదని వ్రేలికి తోచినప్పుడు నీరు పోయవలెనే గాని, అడుగున నీరు నిలువనీయరాదు.

ఇక కోయుట. ఆకులను మాత్రమే గిల్లుకొనక, కణుపునకు కొంచెము పైగా కాడనే తుంచవలయును. అట్లు చేసినచో ఆ కణుపునుండి రెండు కొమ్మలు వచ్చి మొక్క గుబురగును. పరిమళతైలము ఆకులపైనున్న సూక్ష్మగ్రంథులలో నుండును గావున, పచ్చడి నూరుటకు కొద్ది ముందుగా కోసికొనుట ఉత్తమము. ఉత్తరప్రదేశమునందలి బారాబంకి ప్రాంతమున మెంథాల్ కొరకు ఎకరములకొలది పండించు పుదీనా వేరొక జాతి. మన వంటయింటి పుదీనా సువాసనకు ప్రధానకారణము కార్వోన్ అను మరియొక ద్రవ్యము.

ఏడాది గడచుసరికి కుండీ నిండ వేళ్ళల్లుకొని, నడిమిభాగము మోడువారును. ఎండలు ముదురకముందు గాని తొలకరి పిమ్మట గాని, మొక్కను పెల్లగించి, అంచులనున్న లేత తీగెలను మాత్రమేరి క్రొత్తమట్టిలో నాటవలయును. ఆకుల అడుగున తుప్పురంగు పొక్కులున్న కాడను మాత్రము ఎన్నడును నాటరాదు. ఆ తెగులు కాడతోకూడ క్రొత్త కుండీకి వచ్చును.