కంటికి ఆనే హద్దు భూమికి హద్దు కాదు



మన విరాళాలతో చదువుకుంటున్న పిల్లల ఫోన్లలో ఈమధ్య భూమి బల్లపరుపుగా ఉందని చెప్పే వీడియోలు తిరుగుతున్నాయి. కొన్ని దీన్ పేరుతోనే వస్తున్నాయి. ఫీజు కట్టి చదివిస్తున్న మనం, వాళ్లు అడిగితే జవాబు కూడా చెప్పగలగాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

ఓడ దిగంతం కిందికి దిగిపోదట. దూరమై, చిన్నదై కనబడకుండా పోతుందట. జూమ్ కెమెరాతో చూస్తే మళ్లీ కనిపిస్తుందట. ఇందులో సగం నిజముంది. రేణిగుంట స్టేషన్‌లో నిలబడి చూస్తే రైలు పట్టాలు రెండూ దూరాన కలిసిపోయినట్టే ఉంటాయి. అది చూపు స్వభావం. అయితే దూరం దేన్నైనా మొత్తంగా చిన్నది చేస్తుందే గాని, కింది సగం కోసేసి పై సగం మిగల్చదు. కృష్ణపట్నం రేవు నుంచి వెళ్లే ఓడకు ముందు అడుగుభాగం మాయమవుతుంది, పైభాగం చివరికి పోతుంది. చిన్నదై కనబడనిదాన్ని కెమెరా చూపిస్తుంది. నీటి వంపు చాటుకు పోయినదాన్ని ఏ కెమెరా చూపలేదు.

సూర్యుడి సంగతీ అంతే. దూరమైపోవడం వల్లే కనుమరుగైతే సాయంత్రానికి చిన్న చుక్కలా కనిపించాలి. కానీ మగ్రిబ్ వేళ కూడా మధ్యాహ్నమున్నంత బింబమే, కింది అంచు నుంచి కొంచెం కొంచెంగా దిగిపోతుంది.

ఎత్తుకు వెళ్లేకొద్దీ దిగంతం దూరం జరుగుతుంది. సముద్రపు ఒడ్డున నిలబడినవారికి అది దాదాపు ఐదు కిలోమీటర్లే. 700 మీటర్ల ఎత్తు నుంచైతే 90 కిలోమీటర్లు దాటుతుంది. అందుకే 2011 రంజాన్‌లో దుబాయ్ ఉలమా, 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాలో 80వ అంతస్తు దాటినవారు రెండు నిమిషాలు, 150 దాటినవారు మూడు నిమిషాలు ఆగి ఇఫ్తార్ చేయాలన్నారు. కింద సూర్యాస్తమయమైనా వారికింకా సూర్యుడు కనిపిస్తూనే ఉంటాడు కనుక.

ఈ విద్య మనకు పరాయిది కాదు. వెయ్యేళ్ల క్రితం అల్ బీరూనీ, నేటి పాకిస్తాన్ పంజాబ్‌లోని నందన కోట దగ్గర కొండెక్కి, దిగంతం కంటి మట్టానికి ఎంత కిందికి దిగిందో కొలిచాడు. ఆ కోణంతోనూ కొండ ఎత్తుతోనూ భూమి వ్యాసార్ధాన్ని లెక్కకట్టాడు. భూమి చదునైతే ఆ కోణమే ఉండదు. గ్రహణాల లెక్కను దీన్ పేరుతో కాదనేవారు దీన్‌కే హాని చేస్తున్నారని ఇమామ్ గజాలీ కూడా హెచ్చరించారు.

కాబట్టి దాతలకు మా మనవి ఒకటే. అడిగిన పిల్లవాణ్ని కసరకండి. మన అలిపిరి దగ్గరే ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది, తీసుకెళ్లి చూపిద్దాం. ఒకసారి సముద్రం ఒడ్డుకూ తీసుకెళ్దాం. ఫీజు రసీదుతో పాటు పరిశీలించి చూసే అలవాటునూ ఇస్తే మన విరాళం నిండుతుంది.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక, మన పిల్లల ఇల్మ్‌ను పెంచుగాక. ఆమీన్.