ఆపరేషన్ తరువాతి ఏళ్లు



మా గురువుగారి స్మృతిలో జరిగే ఈ సభలో, కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ అయిపోయాక గడిచే ఏళ్ల గురించి మాట్లాడాలనుకున్నాను. మనం అన్నిటికన్నా తక్కువగా చర్చించేది ఆ ఏళ్ల గురించే.

ఈ ఇంప్లాంట్‌ను రూపొందించినవాళ్లలో ఒకరైన గ్రేమ్ క్లార్క్ ఆస్ట్రేలియాలో ఒక మందుల షాపు యజమాని కొడుకు. తండ్రికి చెవుడు. వచ్చినవాళ్ల మాట వినడానికి ఆయన పడే అవస్థ చూస్తూ పెరిగిన క్లార్క్ చెవి డాక్టరై, ఆపైన పరిశోధకుడయ్యాడు. లోపలి చెవిలో చుట్టలు తిరిగి ఉండే కాక్లియాలోకి ఎలక్ట్రోడ్ల తీగను ఎక్కించడం పెద్ద చిక్కైంది. 1977లో సముద్రపు ఒడ్డున ఒక గుల్లలోకి గడ్డిపోచలు దూర్చి చూశాడు. కొన మెత్తగా, మొదలు గట్టిగా ఉన్న పోచ చుట్ల వెంట సాఫీగా లోపలికి పోయింది. 1978 ఆగస్టు 1న మెల్‌బోర్న్‌లో రాడ్ సాండర్స్‌కు ఇంప్లాంట్ అమర్చాడు. గడ్డిపోచ కథ పాఠాల్లో అందరం చెబుతాం. నాకు అంతకన్నా గొప్పగా తోచేది ఆ తర్వాతి పని. తీగ సరిగ్గా కూర్చుందని ఊరుకోకుండా, ఆ మనిషికి మాటలు ఎంతవరకు అర్థమవుతున్నాయో పరీక్షలు పెట్టి కొలిచాడు.

పుట్టు చెవుడున్న పిల్లల్లో ఈ కొలత ఇంకా ముఖ్యం, వాళ్ల విషయంలో వయసు కూడా లెక్కలోకి వస్తుంది. 2002లో అను శర్మ బృందం ప్రచురించిన పరిశోధన ప్రకారం, మూడున్నరేళ్లలోపు ఇంప్లాంట్ పెట్టిన పిల్లల్లో శబ్దానికి మెదడు స్పందన చాలావరకు మామూలు స్థాయికి చేరింది. ఏడేళ్లు దాటాక పెడితే చాలామందిలో చేరలేదు. ‘‘మాటలు ఆలస్యంగా వస్తాయిలే, వాళ్ల నాన్నకూ అంతే’’ అని ఇంట్లో పెద్దవాళ్లు ధైర్యం చెప్పుకునే కాలమంతా ఆ మూడున్నరేళ్లలోంచే పోతోంది.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం, లక్షలు ఖర్చయ్యే ఈ ఆపరేషన్‌ను పేద ఇళ్లకు అందించింది. ఆ మేలు ఎంత చెప్పినా తక్కువే. అయితే ములుగు పల్లె నుంచో, మహబూబాబాద్ తండా నుంచో వచ్చిన బిడ్డకు ఆ తర్వాత నెలల తరబడి మాటల శిక్షణ కావాలి. వెళ్లిన ప్రతిసారీ తల్లికి ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అదనం. తరువాత బ్యాటరీలు, తెగిపోయే వైరు, గ్యారంటీ దాటాక చెడిపోయే ప్రాసెసర్. చెవి బయట ఉండే ఆ మిషన్ ఆగిన రోజున బిడ్డకు మళ్లీ ఏమీ వినపడదు. మన రికార్డులో మాత్రం ఆ ఆపరేషన్ సక్సెస్‌గానే ఉంటుంది.

అసలు ఫలితాన్ని కొలవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. 1995లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ నుంచి వచ్చిన, వినికిడి సామర్థ్యాన్ని కొలిచే క్యాప్ స్కేలులో 0 నుంచి 7 వరకు మెట్లున్నాయి. 0 అంటే చుట్టూ ఉన్న చప్పుళ్లే తెలియవు. 5 అంటే పెదవులు చూడకుండానే రోజువారీ మాటలు అర్థమవుతాయి. 7 అంటే తెలిసినవాళ్లతో ఫోన్లో మాట్లాడగలగడం.

1959లో మొదలై ఈ ప్రాంతానికి డాక్టర్లను ఇస్తున్న కాకతీయ వైద్య కళాశాలలోని పీజీ విద్యార్థులను ఒకటి అడుగుతున్నాను. థీసిస్‌కు కొత్త కేసులు వెతికే ముందు, అయిదేళ్ల కిందట ఆపరేషన్ అయిన పిల్లల ఇళ్లకు వెళ్లండి. ఆసుపత్రికి తిరిగి రానివాళ్ల ఇళ్లకే ముందు వెళ్లండి. వాళ్లను వదిలేసి తీసిన సగటు మనల్ని మోసం చేస్తుంది. ఏ వయసులో ఆపరేషన్ అయింది, శిక్షణ ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, మిషన్ ఈ రోజు పనిచేస్తోందా, ఏ బడి, ఏ తరగతి, క్యాప్‌లో ఏ మెట్టు, ఇవన్నీ రాసుకురండి. మొదటి జాబితా తయారుచేయడానికి నేను మీతో కూర్చుంటాను.