ఊపిరి గొట్టము – కుటుంబము ఎరుగవలసిన సంగతులు



గాయకులు శ్రీ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారు 2020 ఆగస్టు 5న ఈ చెన్నై నగరమున ఆసుపత్రిలో చేరి, ఆ మాసపు మధ్యనుండి ప్రాణాధార యంత్రముల సాయముతో నుండి, సెప్టెంబరు 25న కీర్తిశేషులైరి. ఆ దినములలో వెంటిలేటరు అను మాట ప్రతి తెలుగింట వినబడినది. దానితోపాటు, గొట్టము వేసినచో మనిషి తిరిగిరాడను భయమును నాటుకొన్నది. ఈ భయములో నిజమెంత?

గొట్టము వేయుట అపాయరహితము కాదు. 29 దేశములలో 2,964 మంది తీవ్రరోగులను పరిశీలించి 2021లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, నూటికి 45 మందికి ఆ సమయమున ఏదో యొక పెద్ద ఉపద్రవము కలిగినది. నూటికి ముగ్గురికి గుండె ఆగినది. వీనిలో మిక్కిలి తరచైనది రక్తపు పోటు పడిపోవుట.

దీనికి కారణము రోగి స్థితియే. ఆరోగ్యవంతుని దేహమున కొంత ప్రాణవాయువు నిలువ యుండును; తీవ్రరోగికి అది అప్పటికే తరిగిపోయి యుండును. మత్తుమందు రక్తపు పోటును తగ్గించును. స్వంత ఊపిరి ఆగి గొట్టము చేరువరకు గడచు నిమిషములు అతనికి గండములు. గొట్టము అన్నవాహికలోనికి పోయి, అది వెంటనే కనిపెట్టబడనిచో ప్రాణహాని. కావున ముందుగా ప్రాణవాయువు నిత్తురు. రక్తపు పోటును నిలుపు మందులు సిద్ధపరతురు. ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును చూపు కాప్నోగ్రాఫ్ పరికరముతో గొట్టమున్న తావును నిర్ధారింతురు. మన దేశపు మత్తువైద్యులును 2016లో ఇందుకై మార్గదర్శక సూత్రములు ప్రకటించిరి.

అయినను, అవసరమని వైద్యుడు నిర్ణయించిన పిదప జాగు చేసినకొలది ఆ నిలువ ఇంకను తరుగును. 1952లో కోపెన్‌హాగెన్ నగరమున పోలియో ప్రబలినప్పుడు, డాక్టరు ఇబ్సెన్ సూచనపై రోగుల కంఠమున గొట్టమమర్చి, వైద్యవిద్యార్థులు రేయింబవళ్లు చేతులతో ఊపిరి నందించిరి. మరణములు ఎంతయో తగ్గినవి. నేటి తీవ్రచికిత్సా విభాగములకు అదియే నాంది.

మనము చేయదగినది ఒకటి కలదు. పాత జబ్బులు, వాడు మందులు, పడని మందులు, కట్టుడుపండ్లు, మునుపు మత్తు ఇచ్చినప్పుడు కలిగిన ఇబ్బంది – ఇవి వైద్యునికి తక్షణము తెలియవలెను. చివరిసారి భుజించిన వేళను మీరు దగ్గరనుండి చెప్పవలెను. తెలుగు తప్ప మరొక భాష రాని అవ్వకు, ఆయాసపడు వేళ, ఈ నగరపు ఆసుపత్రిలో ఇవన్నియు చెప్పుట సాధ్యమా? మన బడిపిల్లలు తెలుగు, తమిళము, ఆంగ్లము నేర్చుచున్నారు. పెద్దల నడిగి, వారి కోరికను గూడ తెలిసికొని, ప్రతి యింట అట్టి పత్రము నొకటి వారిచే వ్రాయించి భద్రపరుపుడని ప్రార్థించుచున్నాను.