పెరట్లో మంచు

చలి ముదిరిన ఈ రోజుల్లో నస్పూర్‌లో పొద్దున్నే పెరట్లోకి వెళ్లి టమాటా మొక్కను దగ్గరగా చూడండి. ఆకు అంచున కొనకొనకూ ఒక్కో నీటిబొట్టు నిలబడి ఉంటుంది. అది గాలిలోంచి దిగిన మంచు కాదు, వేళ్లు పీల్చిన నీరే. రాత్రి ఆకుల ఊపిరి రంధ్రాలు మూసుకుంటాయి. వేళ్ల ఒత్తిడికి మిగులు నీరు అంచుల్లోని సన్నని దారుల గుండా బయటికి వస్తుంది. మంచుబిందువులైతే ఆకంతా పరుచుకుంటాయి.

మన గోదావరి ఒడ్డున మంచు గడ్డకట్టడం చాలా అరుదు. సుమారు 1,000 మీటర్ల ఎత్తున్న లంబసింగిలో మాత్రం బాగా చలిపెట్టిన రోజుల్లో గడ్డి మీద తెల్లని పలుకులు మెరుస్తాయి. మబ్బులేని, గాలి ఆడని రాత్రి ఆకు తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. పైన గాలి 3, 4 డిగ్రీలున్నా ఆకు 0 కన్నా కిందికి పోవచ్చు. అప్పుడు గాలిలోని తేమ నీరు కాకుండానే మంచుగా పేరుకుంటుంది, ముందుగా అంచుల మీద, నూగు మీద. ఎంత అందమో లేత నారుకు అంత చేటు. కణాల్లో నీరు గడ్డకడితే ఆకు నల్లబడి వాలిపోతుంది.

సిర్పూర్, తిర్యాణి వైపు కూరగాయలు వేసిన రైతులారా, చలి బాగా ఉన్న రోజు ముందే తడి పెట్టండి, తడినేల వేడిని నిలుపుకుంటుంది. సాయంత్రం నారుమడిపై గడ్డి కప్పి, పొద్దెక్కాక తీసేయండి.