నొప్పి లేని గడ్డ



రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగులుతుంది. నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా అని చాలామంది ఊరుకుంటారు. ఇంట్లో చెప్పడానికి బిడియం. కానీ రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు. అవును, నొప్పి పెట్టదు!

ఈ బిడియం పోగొట్టాలనే 2007లో హైదరాబాదులో ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ మొదలైంది. శస్త్రవైద్యుడు డాక్టర్ రఘురామ్ దానికి తన తల్లి పేరు పెట్టారు. ఆమె స్వయంగా వైద్యురాలు. ఆమెకూ ఈ జబ్బు వచ్చింది. డాక్టరమ్మకే వచ్చినప్పుడు, ఇక దాచుకోవడం ఎందుకు?

ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి ఇంకో పని చేసింది. మామూలు చదువున్న ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చింది. వాళ్లు రెండేళ్లకోసారి తోటి స్త్రీలను చేత్తో పరీక్షించారు. యంత్రాలు లేవు. శిక్షణ పొందిన చెయ్యి, అంతే. ఇరవై ఏళ్లు గమనిస్తే, 50 దాటినవారిలో ఈ జబ్బుతో మరణాలు దాదాపు నూటికి ముప్పై తగ్గాయి. ఎంత గొప్ప ఫలితం!

ప్రభుత్వ కార్యక్రమం కింద 30 దాటిన మహిళలకూ ఈ చేతి పరీక్ష ఉంది. ఊళ్లో ఏఎన్ఎమ్మును అడగవచ్చు. గడ్డ, చర్మంపై సొట్ట, చనుమొన నుంచి రక్తం. వీటిలో ఏది కనిపించినా, నొప్పి లేకపోయినా, ఆ వారంలోనే డాక్టరుకు చూపించుకోవాలి.