ట్రైలరు బ్రేకు దీపం ఒకసారి వెలిగి ఒకసారి ఆరితే
(పాల సంఘాల పాలకవర్గ సభ్యుల, కార్యదర్శుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



సొంత ట్రైలరు ఉన్న సంఘాల లెక్కలు చూసేటప్పుడు మాకు ఒకే పద్దు మళ్ళీ మళ్ళీ కనబడుతూ ఉంటుంది: "ట్రైలరు బల్బు ఖరీదు". అడిగితే, "ఏం చేయమంటారండీ, షెడ్డు దగ్గర వెలుగుతుంది, రోడ్డెక్కితే ఆరిపోతుంది" అంటారు. రోగమేమిటో ఆ మాటలోనే ఉన్నది. మాడిపోయిన బల్బు ఎక్కడా వెలగదు. ఒకచోట వెలిగి మరొకచోట ఆరే దీపానికి సాధారణంగా దోషం బల్బులో కాదు, అతుకులో ఉంటుంది.

ఇది బల్బు ఖర్చుతో తీరే సంగతి కాదు. పాలబండి నడిచేది తెల్లవారుజామున, మళ్ళీ పొద్దు గూకిన తరువాత. 40 లీటర్ల క్యాన్లు 50 ఎక్కిస్తే పాల బరువే రెండు టన్నులు దాటుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెనుక వచ్చే మోటారు సైకిలు ఒక్క సెకనులో 11 మీటర్లు దూసుకు వస్తుంది. మన డ్రైవరు బ్రేకు తొక్కిన సంగతి చీకటిలో అతనికి చెప్పేది ఆ ఎర్ర దీపమే. ఆ వచ్చేవాడు మన సభ్యుని కొడుకే కావచ్చును.

కాబట్టి ఊరికే బల్బులు మార్చక, వరుసగా పరీక్షించండి. ముందుగా ఇంజను ఆపి, చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, తాళం తిప్పి ఉంచండి.

మొదటిది: దోషం ట్రాక్టరులోనా, ట్రైలరులోనా తేల్చుకోవాలి. ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి. ఒకరు వెనుక నిలబడి చూడాలి. ట్రాక్టరు బ్రేకు దీపమూ, ట్రైలరు దీపమూ కలిసి ఆరుతుంటే పెడలు వద్ద స్విచ్చినీ, ఫ్యూజు బిగింపునూ చూడండి. కొన్ని ట్రాక్టర్లలో రెండు పెడళ్ళను కలిపే గొళ్ళెం వేయక ఒక్కటే తొక్కితే దీపం వెలగదు. బండి ఒక పక్కకు లాగే ప్రమాదం కూడా ఉన్నది గనుక రోడ్డు మీద ఆ గొళ్ళెం తప్పక వేయాలి. ట్రాక్టరు దీపం నిలకడగా ఉండి ట్రైలరు దీపమే మినుకుతుంటే, దోషం సాకెట్టులోనో దాని వెనుకనో ఉన్నట్లు.

రెండవది: ఎర్తు. బ్యాటరీ నుండి బల్బుకు వెళ్ళిన కరెంటు తిరిగి బ్యాటరీకి చేరాలి. పలు ట్రైలర్లకు ఈ తిరుగు దారికి వేరే తీగ వేయరు. ఇనుప చట్రాన్నీ, తగిలించే హుక్కు పిన్నునూ దారిగా వదిలేస్తారు. బండి నిలిచి ఉన్నప్పుడు పిన్ను కన్నానికి ఆనుకొని ఉంటుంది, దీపం వెలుగుతుంది. బండి కదిలితే పిన్ను అదురుతుంది. తుప్పు, గ్రీజు అడ్డుపడి దీపం ఆరుతుంది. బ్రేకు తొక్కినప్పుడు మిగిలిన దీపాలు మసకబారినా ఎర్తునే అనుమానించాలి. దారి దొరకని కరెంటు పక్క బల్బు గుండా పోతున్నదన్నమాట.

దీనికి పరీక్ష సులువు. ట్రాక్టరు ఇనుమును ఒకచోట గీకి పొడవాటి తీగ ఒక కొన బిగించండి. రెండవ కొనను ట్రైలరు దీపపు లోహపు తొడుగుకు, గీకిన చోట ఆనించండి. దీపం కుదుటపడితే దోషం ఎర్తుదే. మామూలు 7 పిన్నుల సాకెట్టులో 3వ పిన్ను ఎర్తు, 6వది బ్రేకు దీపం. ఆ 3వ పిన్ను నుండి ప్రతి దీపానికీ వేరుగా ఎర్తు తీగ లాగించండి. 21 వాట్ల బ్రేకు బల్బులు రెండు 12 వోల్టుల మీద మూడున్నర ఆంపియర్లు తీసుకుంటాయి. వెనుక దీపాలు, ఒక ఇండికేటరు కలిస్తే సుమారు 6 ఆంపియర్లు. అదంతా ఆ ఒక్క తీగలో తిరిగి రావాలి గనుక అది మిగతా తీగలకంటే లావుగా ఉండాలి.

మూడవది: సాకెట్టు, తీగ. పిన్నులకు పట్టిన పచ్చని చిలుమును గరుకు కాగితంతో తీయండి. వదులైన చీలిక పిన్నులను చాకు మొనతో కొద్దిగా విప్పండి. హుక్కు దగ్గర తీగ పైకి బాగున్నట్లే ఉండి లోపల తెగి ఉండవచ్చు. దీపం వెలుగుతుండగా అటూ ఇటూ వంచి చూస్తే బయటపడుతుంది. బండి పూర్తిగా తిరిగినా లాగుకోకుండా తీగను కొంచెం వదులుగా ఉంచండి. మెలి పెట్టి టేపు చుట్టిన అతుకులను టంకం వేయించండి.

ఒక హెచ్చరిక. మీటరు పెట్టి "12 వోల్టులు వస్తున్నాయి" అని మెకానిక్కు చెప్పినా సరిపెట్టుకోవద్దు. మీటరుకు కావలసిన కరెంటు అతి స్వల్పం. ఒక్క పోగు మిగిలినా అది 12 చూపుతుంది. బల్బు వెలిగించి చూడటమే నికరమైన పరీక్ష. ఇక ఫ్యూజు పోతే దాని చోట లావు తీగ చుట్టడం బండిని కాల్చుకోవడమే.

వెనుక ఎర్ర దీపాలు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలోనే ఉన్నది. అయితే చలానాకు భయపడి చేసే పని కాదిది. క్యాన్లు ఎక్కించక ముందు బ్రేకు తొక్కించి, ట్రైలరును అదిపించి, దీపం చూసిన తరువాతే బండి కదలాలని మీ పాలకవర్గం తీర్మానం చేయాలి. అద్దె బండ్ల ఒప్పందంలోనూ ఈ షరతు రాయించాలి. చూసిన వారు రిజిస్టరులో సంతకం చేయాలి. కొవ్వు శాతం రోజూ రెండు పూటలా పరీక్షించే మనకు ఈ ఒక్క నిమిషం బరువు కాదని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాము.